‘పార్ట్ రావాలి సార్’ అంటూ నెల దాటించేస్తుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. నందిగామ దగ్గర హైవే మీద ముందున్న లారీ సడన్‌గా బ్రేక్ వేయడంతో మీ కారు వెళ్ళి తగిలింది. బంపర్, బానెట్, ఎడమ హెడ్‌లైట్, రేడియేటర్ పోయాయి. విజయవాడలో కంపెనీ వర్క్‌షాప్‌లో క్యాష్‌లెస్ క్లెయిమ్ కింద బండి పెట్టారు. పది రోజులన్నవాళ్ళు నెల దాటించారు. ఎప్పుడు ఫోన్ చేసినా ‘పార్ట్ రావాలి సార్’ అన్న ఒక్క మాటే. గట్టిగా గొడవ పెట్టుకోవాలా, బండి తీసుకెళ్ళి ఆటోనగర్‌లో చేయించుకోవాలా, కన్జ్యూమర్ కోర్టుకు వెళ్ళాలా అని అడిగారు. పాలసీ వచ్చే నెలలో ముగుస్తుందని కూడా రాశారు.

నేను సర్వీస్ అడ్వైజర్‌గా చేరి బాడీ షాప్ మేనేజర్‌గా రిటైర్ అయినవాణ్ణి. అంటే ‘పార్ట్ రావాలి సార్’ అనే మాట చెప్పించిన వైపు నుంచి మాట్లాడుతున్నాను. ఆ మాట కొన్నిసార్లు నిజం. చాలాసార్లు మాత్రం అడ్వైజర్‌కి కూడా బండి ఎక్కడ ఆగిందో తెలియక చెప్పే మాట.

అందుకని ముందు మీరు ఒక ప్రశ్న మానేయాలి. ‘ఎప్పుడిస్తారు?’ అని అడగకండి. అలా అడిగితే ఏదో ఒక రోజు చెప్పి ఫోన్ పెట్టేస్తారు. శుక్రవారం అంటారు, ఏ శుక్రవారమో చెప్పరు. దాని బదులు ‘ఇవాళ నా బండి దేనికోసం ఆగి ఉంది?’ అని అడగండి. ఈ ప్రశ్నకి తప్పించుకునే జవాబు చెప్పడం కష్టం. యాక్సిడెంట్ బండి ఎప్పుడైనా మూడింటిలో ఒకదాని దగ్గరే ఆగుతుంది: ఇన్సూరెన్స్ అప్రూవల్, పార్ట్, లేదా పని చేసే మనిషి. మూడింటికీ మందు వేరు. ఏది ఆగిందో తెలియకుండా ఎవరి మీద అరిచినా లాభం లేదు.

ఇన్సూరెన్స్ సంగతి ముందు చూద్దాం. బండి రాగానే వర్క్‌షాప్ ఎస్టిమేట్ వేస్తుంది, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కకట్టే సర్వేయర్ వచ్చి చూస్తాడు, ఫోటోలు తీసుకుంటాడు, ఏ పార్ట్ మార్చాలో ఏది సరిచేస్తే చాలో రాస్తాడు. బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ తెలియజేసిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, ఆయన రిపోర్టు 15 రోజుల్లో రావాలి, రిపోర్టు అందాక 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. అయితే అసలు ఆలస్యం ఇక్కడ కాదు, దీని తర్వాత వస్తుంది. బండి పైనుంచి చూసినప్పుడు బంపర్, బానెట్, లైటు కనిపిస్తాయి. విప్పాక లోపల రేడియేటర్ సపోర్టు వంగిందనీ, ఏసీ కండెన్సర్ చితికిందనీ, వైరింగ్ తెగిందనీ తెలుస్తుంది. అప్పుడు సప్లిమెంటరీ ఎస్టిమేట్ వేసి మళ్ళీ సర్వేయర్‌కి పంపాలి. చాలా షాపుల్లో మొదటి అప్రూవల్ వచ్చేదాకా బండి విప్పరు. విప్పాక రెండో ఎస్టిమేట్ మెయిల్ చేయడం మర్చిపోతారు. చేసినా, సర్వేయర్ దాన్ని చూశాడో లేదో ఎవరూ కనుక్కోరు. రెండు వైపులా తప్పు అవతలివాడిదే అంటారు. మీకు రేడియేటర్ కూడా పోయింది కాబట్టి రెండో ఎస్టిమేట్ కచ్చితంగా ఉండి ఉంటుంది. అది ఏ తేదీన వెళ్ళింది, అప్రూవల్ ఏ తేదీన వచ్చింది, ఈ రెండు తేదీలు అడగండి. మెయిల్ కాపీ మీ వాట్సాప్‌కి పంపమనండి. సర్వేయర్ నంబర్ మీ దగ్గర ఉంటే ఆయనకే నేరుగా ఫోన్ చేసి, ‘నా బండి సప్లిమెంటరీ మీకు చేరిందా అండీ’ అని మర్యాదగా అడగండి. పాలసీదారు ఫోన్ చేస్తే సర్వేయర్లు సాధారణంగా బాగానే మాట్లాడతారు. వర్క్‌షాప్ వాళ్ళ ఫోన్లతోనే వాళ్ళకి విసుగు.

ఇక పార్ట్. నిజంగా పార్ట్ కోసమే ఆగితే నాలుగు వివరాలు అడగాలి: పార్ట్ పేరు, పార్ట్ నంబర్, ఆర్డర్ పెట్టిన తేదీ, ఆర్డర్ నంబర్. ఈ నాలుగూ ప్రతి కంపెనీ వర్క్‌షాప్‌లో కంప్యూటర్‌లోనే ఉంటాయి, అడ్వైజర్ స్పేర్స్ కౌంటర్ దాకా నడిస్తే నిమిషాల్లో తేలిపోతుంది. ఆర్డర్ తేదీ అడిగినప్పుడు వాళ్ళ ముఖాలు చూడండి. ‘రావాలి’ అంటున్న పార్ట్‌కి మొన్ననే ఆర్డర్ పెట్టిన కేసులు నా సర్వీసులో ఎన్నో చూశాను. ఇన్సూరెన్స్ అప్రూవల్ లేకుండా ఆర్డర్ పెడితే, రేపు సర్వేయర్ ‘ఇది మార్చక్కర్లేదు, రిపేర్ చేయండి’ అంటే ఆ పార్ట్ డీలర్ నెత్తిన పడుతుంది. ఆ భయంతో ఆపుతారు. వాళ్ళ బాధ వాళ్ళది, కాదనను. కానీ కస్టమర్‌కి ‘పార్ట్ రావాలి’ అని చెప్పి ‘ఇంకా ఆర్డర్ పెట్టలేదు’ అన్న ముక్క మింగేయడం మాత్రం అన్యాయం.

ఆర్డర్ మామూలుగా పెట్టారా, వీఓఆర్ కింద పెట్టారా అని కూడా అడగండి. వీఓఆర్ అంటే బండి రోడ్డెక్కలేని స్థితిలో ఉందని చెప్పి అర్జంటుగా తెప్పించే ఆర్డర్. రేడియేటర్ లేని కారు నడవదు కాబట్టి మీ కేసు దానికి సరిపోతుంది. మామూలు ఆర్డర్ డీలర్ స్టాకు ఆర్డర్లతో కలిసి నింపాదిగా వస్తుంది, వీఓఆర్ విడిగా ముందు వస్తుంది. దీనికి కొన్ని కంపెనీలు డీలర్ దగ్గర ఎక్కువ వసూలు చేస్తాయి కాబట్టి అడగకపోతే పెట్టరు.

పార్ట్‌లలో కూడా తేడా ఉంటుంది. అమ్ముడయ్యే మోడల్ అయితే బంపర్, బానెట్, ఫెండర్ లాంటివి త్వరగానే దొరుకుతాయి. హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ రకం, వైరింగ్ హార్నెస్ (వైర్లన్నీ కలిపి కట్టిన కట్ట), కంట్రోల్ యూనిట్లు ఏడిపిస్తాయి. హార్నెస్ అయితే మరీను. ఒకే మోడల్‌లో వేరియంట్‌కొకటి ఉంటుంది, సన్‌రూఫ్ ఉన్నదానికి ఒకటి, లేనిదానికి ఒకటి. ఛాసిస్ నంబర్ కొట్టి చూడకుండా మోడల్ పేరుతో ఆర్డర్ పెడితే తప్పు పార్ట్ వస్తుంది, దాన్ని వెనక్కి పంపి కొత్తది తెప్పించేసరికి మళ్ళీ మొదటికొస్తుంది. మీ ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోలేదన్నారు, అదృష్టం. వాటిలో పేలుడు పదార్థం ఉంటుంది కాబట్టి మామూలు పార్సిల్‌లా పంపడానికి కుదరదు, ఆ ఆలస్యం వేరే కథ.

పార్ట్ నిజంగా కంపెనీ గోడౌన్‌లోనే లేదంటే డీలర్ మీద కోపం తెచ్చుకుని ఉపయోగం లేదు. అప్పుడు కారు తయారీ కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాలి. ఛాసిస్ నంబర్, జాబ్ కార్డ్ నంబర్, పార్ట్ నంబర్, ఆర్డర్ తేదీ మెయిల్‌లో ఉంటే అది ఏరియా సర్వీస్ మేనేజర్ టేబుల్ దాకా వెళ్తుంది. ‘నెల నుంచి తిప్పుతున్నారు, సర్వీస్ చెత్తగా ఉంది’ అని మాత్రమే రాస్తే మళ్ళీ డీలర్‌కే ఫార్వర్డ్ అవుతుంది, డీలర్ ‘కస్టమర్‌తో మాట్లాడాం’ అని మూసేస్తాడు. ఇంకో డీలర్ దగ్గర ఆ పార్ట్ ఉందేమో చూడమని కూడా అడగండి. గుంటూరులోనో హైదరాబాద్‌లోనో స్టాకులో ఉన్న హెడ్‌లైట్‌ని డీలర్లు ఒకరి నుంచి ఒకరు తెప్పించుకోగలరు. మీరు అడగనిదే ఎవరూ ఆ ఫోన్ చేయరు.

మూడోది మనిషి. దీని గురించి ఎవరూ బయటికి చెప్పరు. బాడీ షాప్‌లో డెంటర్లు, పెయింటర్లు ఎప్పుడూ తక్కువే. పండగకి ఊరెళ్ళిన పెయింటర్ వారం ఆలస్యంగా తిరిగొస్తే షాపంతా ఆగుతుంది. దానికి తోడు నెలాఖరు లెక్క ఒకటి. వర్క్‌షాప్‌కి నెలవారీ బిల్లింగ్ టార్గెట్ ఉంటుంది. ఇరవయ్యో తేదీ దాటిందంటే త్వరగా తెమిలి బిల్లు పడే బళ్ళే ముందుకు కదులుతాయి. డోర్ మీద గీత, బంపర్ పెయింటు, ఇలాంటివి. మీలాంటి పెద్ద పని బండి విప్పి ఉంటే పక్కకి నెట్టేస్తారు. అందుకే ఒకటో తేదీ తర్వాత మొదటి వారంలో వెళ్ళి నిలబడితే పని కదులుతుంది, ఇరవై ఎనిమిదో తేదీన వెళ్తే కాఫీ ఇస్తారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి సింగ్‌నగర్, భవానీపురం వైపు ఇళ్ళ ముందున్న కార్లూ బైకులూ మునిగినప్పుడు విజయవాడ వర్క్‌షాపుల్లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అందరి బళ్ళూ ఒకేసారి వచ్చాయి. అక్కడ ఆలస్యానికి ఎవర్నీ తప్పుపట్టలేం. కానీ మామూలు రోజుల్లో, ఒక్క కారు నెల దాటిందంటే కారణం ఎక్కడో ఒక టేబుల్ మీద కూర్చుని ఉంటుంది.

ఫోన్లు ఆపి ఒకసారి స్వయంగా వెళ్ళండి, పదకొండు గంటల ప్రాంతంలో. పొద్దున్న రిసెప్షన్ రద్దీ, సాయంత్రం డెలివరీల రద్దీ. ‘బండి చూడాలి’ అనండి. లోపలికి రానివ్వం, సేఫ్టీ రూల్స్ అంటే, ఎవరినైనా తోడు పంపమనండి, మీ బండి చూసుకునే హక్కు మీకుంది. బండి ఎక్కడ ఉందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. లిఫ్టు మీదో డెంటింగ్ బే లోనో ఉంటే పని నడుస్తోంది. ప్యానెళ్ళ మీద బూడిదరంగు ప్రైమర్ ఉంటే పెయింట్ బూత్‌కి క్యూలో ఉంది. వెనక పెరట్లో, ముందు భాగం పళ్ళూడినట్టుగా, అద్దం మీద వేలితో పేరు రాసేంత దుమ్ముతో ఉంటే ఎవరూ ముట్టుకోవడం లేదు. వెనక సీటు మీద పాలిథిన్ కవర్లో మీ బోల్టులూ క్లిప్పులూ ఉన్నాయా చూడండి. కవర్ మీద జాబ్ నంబర్ రాసి ఉంటే ఆ మెకానిక్ పద్ధతైనవాడు. బోల్టులు కాళ్ళ దగ్గర మ్యాట్ మీద దొర్లుతుంటే ఇప్పుడే ఫోటో తీసి అడ్వైజర్‌కి చూపించండి, రేపు డాష్‌బోర్డులో కిటకిట శబ్దానికి కారణం అదే. మీటర్ రీడింగు, పెట్రోల్ ముల్లు, నాలుగు వైపులా బాడీ, అన్నీ ఫోటోలు తీసుకోండి. ఎండలో వారాలు నిలబడే బండికి బ్యాటరీ నెగెటివ్ తీసేయమనండి. ఎలుకలున్న పెరడైతే వైరింగ్ సంగతి మీ అదృష్టం, అందుకే బండిని లోపల పెట్టమని అడగడంలో మొహమాటపడకండి.

వచ్చాక అదే రోజు మెయిల్ రాయండి. అడ్వైజర్‌కి ఒక్కడికే పంపవద్దు. వర్క్స్ మేనేజర్, డీలర్ జనరల్ మేనేజర్, తయారీ కంపెనీ కస్టమర్ కేర్, ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్స్ ఐడీ, అందరికీ ఒకే మెయిల్. కోపం వద్దు, తేదీలు కావాలి. ఇలా ఉంటే చాలు:

‘నా కారు ఫలానా తేదీన మీకు అప్పగించాను, జాబ్ కార్డ్ నంబర్ ఇది. ఫలానా తేదీకి ఇస్తామని మీ అడ్వైజర్ వాట్సాప్‌లో రాశారు. ఈ రోజు వర్క్‌షాప్‌లో బండి చూశాను, పని జరగడం లేదు, ఫోటోలు జతచేశాను. ప్రస్తుతం పని దేనికోసం ఆగింది, పార్ట్ అయితే దాని నంబరు, ఆర్డర్ తేదీ, వచ్చే తేదీ, ఇవి మూడు పనిదినాల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు. కారు లేక రోజూ ప్రయాణానికి ఖర్చవుతోంది, రసీదులు ఉంచుతున్నాను.’

ఆ చివరి వాక్యం ఊరికే రాయలేదు. నిజంగానే ఆటో, క్యాబ్ రసీదులు దాచండి. మీ పాలసీ కాగితం తీసి ‘డైలీ అలవెన్స్’ అనే యాడ్-ఆన్ ఉందేమో చూడండి. ఉంటే బండి గ్యారేజీలో ఉన్న రోజులకి ఇంతని ఇస్తారు, మొదటి కొన్ని రోజులు మినహాయించి, గరిష్ఠ పరిమితితో. చాలామందికి అది కట్టినట్టే గుర్తుండదు.

ఇక బండి తీసుకెళ్ళిపోవడం. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: సప్లిమెంటరీ అప్రూవల్ వచ్చి, పార్ట్ ఆర్డర్ అయి ఉంటే తీయకండి. విప్పిన బండిని టోయింగ్ చేయించాలి, విప్పిన కూలీ కట్టాలి, సర్వేయర్‌కి కొత్త గ్యారేజీ ఎస్టిమేట్ మళ్ళీ పెట్టాలి, క్యాష్‌లెస్ పోయి ముందు మీరు కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ తీసుకునే దారిలోకి వెళ్ళాలి. రెండు వారాలు ఇట్టే పోతాయి. అదే ఇంకా విప్పకుండా పక్కన పడేసి ఉంటే, లేదా పార్ట్ ఎప్పుడొస్తుందో కంపెనీయే చెప్పలేకపోతే, అప్పుడు ఆలోచించొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందు రాసి, ఒప్పుకున్నాకే కదిలించండి. ఆటోనగర్‌లో టింకరింగ్ ఒక షెడ్డు, పెయింటింగ్ ఇంకో షెడ్డు, రేడియేటర్ మరో షెడ్డు. చేయి తిరిగినవాళ్ళున్నారు, రేటు తక్కువ, కానీ మీరే దగ్గరుండి తిప్పుకోవాలి. ఉద్యోగం చేసుకునేవాళ్ళకి అది చిన్న పని కాదు. పాత కారుకైతే ఆటోనగరే మేలు అంటాను. వారంటీలో ఉన్న కారుకి, అందులోనూ వైరింగ్ పని ఉన్నదానికి, నేనైతే వెళ్ళను.

తీసుకెళ్ళేటప్పుడు డబ్బు కట్టకుండా తాళం లాక్కోవాలని చూడకండి. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్, 1872లో సెక్షన్ 170 ప్రకారం వస్తువు మీద పని చేసినవాడు తన కూలీ అందేదాకా దాన్ని ఉంచుకోవచ్చు. కానీ చేసిన పనికి మాత్రమే. చేయని పనికీ, వాళ్ళే ఆలస్యం చేసిన రోజులకి ‘పార్కింగ్ ఛార్జీ’ అని వేసేదానికీ ఆ హక్కు అడ్డం పెట్టుకుంటే ఒప్పుకోవద్దు. వివాదం ఉన్న మొత్తం కట్టక తప్పకపోతే బిల్లు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం పెట్టండి. అదే చట్టంలో సెక్షన్ 161 మీ వైపుది: అప్పగించిన వస్తువుని తన తప్పు వల్ల సమయానికి తిరిగి ఇవ్వకపోతే, ఆ తర్వాత దానికి జరిగే నష్టానికి అతనే బాధ్యుడు. పెరట్లో ఉండగా చెట్టు కొమ్మ విరిగి పడితే ఈ సెక్షన్ పనికొస్తుంది.

ఫిర్యాదుల విషయానికొస్తే, మెయిల్‌కి జవాబు రాకపోతే ముందు 1915కి ఫోన్ చేయండి, అది నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్. వాళ్ళకి తీర్పు చెప్పే అధికారం లేదు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. పెద్ద కంపెనీల దగ్గర ఇది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అది డీలర్‌ని దాటి పై ఆఫీసుకి చేరుతుంది. ఇన్సూరెన్స్ వైపు ఆలస్యమైతే ముందు ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి, తర్వాత ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో పెట్టండి. 155255 నంబరుకి కూడా చెప్పొచ్చు. నెల రోజుల్లో తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణలకి హైదరాబాద్ ఆఫీసే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కాకపోతే అంబుడ్స్‌మన్ ఇన్సూరెన్స్ కంపెనీని అడుగుతారు గానీ వర్క్‌షాప్‌ని అడగరు.

వర్క్‌షాప్ మీదైతే జిల్లా కన్జ్యూమర్ కమిషనే. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు, వర్క్‌షాప్ ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. సేవకి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయొచ్చు. క్యాబ్ నడుపుకుని బతికేవాళ్ళు ‘కమర్షియల్ బండి కదా, మాకు వర్తించదు’ అనుకుంటారు. స్వయం ఉపాధి కోసం సొంతంగా నడుపుకునే బండి అయితే వర్తిస్తుంది. చట్టంలో మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని ఉన్నా, అంతలో అయిపోతుందని లెక్కేసుకోవద్దు. కేసు వేస్తే బండి త్వరగా రాదు. బండి వచ్చాక, పోయిన డబ్బు రాబట్టుకోవడానికి కేసు. ఈ రెండూ కలిపి ఆలోచిస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

డెలివరీ రోజు గురించి ఒక మాట. పని అయిపోయినా చివర్లో ఒకటి రెండు రోజులు ఆగేది డెలివరీ ఆర్డర్ దగ్గర. అంటే వర్క్‌షాప్ ఫైనల్ బిల్లు పంపితే, సర్వేయర్ మళ్ళీ చూసి, తాము ఎంత కడతారో ఇన్సూరెన్స్ కంపెనీ రాసిచ్చే కాగితం. శనివారం సాయంత్రం బిల్లు పంపితే సోమవారమే. పని ఇంకా నడుస్తుండగానే ‘నా వాటా ఎంత’ అని అడిగి పెట్టుకోండి. జీరో డెప్ (పార్ట్‌ల తరుగుదల కోయకుండా ఇచ్చే యాడ్-ఆన్) లేకపోతే ప్లాస్టిక్ పార్ట్‌ల మీద సగం మీదే, బంపర్ అందులోకే వస్తుంది. కంపల్సరీ డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మీరు పెట్టుకోవాల్సిన మొత్తం, ఇంజన్ 1500 సీసీ వరకు 1000 రూపాయలు, అంతకన్నా పెద్దదైతే 2000. బండి పగటి వెలుతురులో తీసుకోండి. కొత్తగా రంగు వేసిన బానెట్‌కీ పాత ఫెండర్‌కీ షేడ్ కలిసిందా, రెండింటి మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉందా చూడండి, ఏసీ వేసుకుని కొంతదూరం నడపండి. నెల ఆగారు కదా అని చీకట్లో సంతకం పెట్టి తెచ్చుకోవద్దు.

చివరిగా మీ పాలసీ. బండి వర్క్‌షాప్‌లో ఉందని రెన్యువల్ ఆపకండి. గడువు దాటితే మళ్ళీ కట్టే ముందు బండి ఇన్‌స్పెక్షన్ అడుగుతారు, ముందు భాగం విప్పి ఉన్న బండిని ఎవరు పాస్ చేస్తారు? ఈ ఏడాది క్లెయిమ్ చేశారు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివాళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎలాగూ ఉండదు, ప్రీమియం కాస్త పెరుగుతుంది. అయినా సరే ముగిసే తేదీకి వారం ముందే కట్టేయండి. ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు పాత పాలసీలో క్లెయిమ్ జరిగిందా అన్న చోట ‘అవును’ అనే పెట్టండి. అక్కడ ‘లేదు’ అని నొక్కి బోనస్ తీసుకున్నవాళ్ళకి తర్వాతి క్లెయిమ్‌లో అదే సాకు చెప్పి ఆపేస్తారు.